‘13’ మీద తెగని వాదన: బ్లాక్ సబ్బాత్ పునరాగమనం అభిమానులను ఎందుకు చీల్చింది?

బ్రిటిష్ హెవీ మెటల్ బ్యాండ్ బ్లాక్ సబ్బాత్ 2013 జూన్‌లో విడుదల చేసిన ఆల్బమ్ ‘13’ వారం తిరక్కుండానే బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ చార్టుల్లో మొదటి స్థానానికి ఎక్కింది. బ్రిటన్‌లో ఈ బ్యాండ్‌కు అంతకుముందు నంబర్ వన్ దక్కింది 1970లో, ‘పారనాయిడ్’ ఆల్బమ్‌కు. మధ్యలో దాదాపు 43 ఏళ్లు గడిచాయి. అమెరికాలోని బిల్‌బోర్డ్ 200లో మొదటి స్థానం రావడం అదే తొలిసారి, అమ్ముడైనవి మొదటి వారంలోనే లక్షా 55 వేల కాపీలు. మరుసటి ఏడాది జనవరిలో ‘గాడ్ ఈజ్ డెడ్?’ పాటకు గ్రామీ కూడా వచ్చింది. లెక్కలు చూస్తే హెవీ మెటల్‌లో ఇంత ఘనమైన పునరాగమనం అరుదు. అయినా ఈ ఆల్బమ్ పేరు ఎత్తితే చాలు, పాత అభిమానుల మధ్య వాదన మొదలవుతుంది. ఒకరు దీన్ని 1975 తర్వాత సబ్బాత్ చేసిన అత్యుత్తమ పని అంటారు, ఇంకొకరు తమ పాత పాటలకు తామే తీసుకున్న నకలు అంటారు. అసలు నలుగురిలో ముగ్గురే ఉన్న రికార్డును సబ్బాత్ ఆల్బమ్ అనడానికే ఒప్పుకోనివాళ్లు మరికొందరు.

అభిరుచుల తేడా అని సరిపెట్టుకుంటే ఈ వాదన అర్థం కాదు. ఈ ఆల్బమ్‌ను దేనితో కొలవాలో వినేవాళ్లు నిర్ణయించలేదు. 1970 నాటి బ్లాక్ సబ్బాత్‌తో కొలవమని ఆల్బమే అడిగింది, మొదటి నిమిషం నుంచి ఆఖరి సెకను దాకా. ఆ కొలతకు ఏది ఆగింది, ఏది ఆగలేదు అన్న చోటే అభిమానులు విడిపోయారు.

అసలు ‘పునరాగమనం’ అన్న మాటలోనే ఒక చిక్కుంది. బ్లాక్ సబ్బాత్ పేరుతో అంతకుముందు వచ్చిన స్టూడియో ఆల్బమ్ 1995 నాటి ‘ఫర్బిడెన్’. ఆ లెక్కన విరామం పద్దెనిమిదేళ్లు. కానీ గాయకుడు ఆజీ ఆజ్‌బోర్న్ ఉన్న చివరి స్టూడియో ఆల్బమ్ 1978లో వచ్చింది. మరుసటి ఏడాది ఆయన్ని బ్యాండ్ నుంచి తప్పించారు. ఆ లెక్కన ముప్ఫై అయిదేళ్లు. 1997లో పాత నలుగురూ కలిసి వేదికెక్కారు, 1998లో వచ్చిన లైవ్ ఆల్బమ్‌లో రెండు కొత్త పాటలు చేర్చారు, 2001లో నిర్మాత రిక్ రూబిన్‌తో పూర్తి ఆల్బమ్ మొదలుపెట్టి మధ్యలోనే వదిలేశారు. అందుకే 2011 నవంబర్ 11న లాస్ ఏంజెలెస్‌లోని విస్కీ ఎ గో గో క్లబ్బులో ఆజీ, గిటారిస్టు టోనీ అయోమీ, బేసిస్టు గీజర్ బట్లర్, డ్రమ్మర్ బిల్ వార్డ్ పక్కపక్కన కూర్చుని కొత్త ఆల్బమ్ ప్రకటించినప్పుడు అభిమానులకు దొరికింది చాలా పెద్ద మాట. ఆశ ఎంత ఎత్తుకు లేచిందో, ఆ తర్వాతి తగాదా అంత లోతుగా దిగింది.

ఈసారీ నిర్మాత రూబినే. ఆయన ఎంచుకున్న దారి సూటిది. బ్యాండ్ సభ్యులను కూర్చోబెట్టి వాళ్ల మొదటి ఆల్బమ్‌ను వినిపించాడు. హెవీ మెటల్ అనే ప్రక్రియ ఇంకా పుట్టలేదనుకుని, దాన్ని ఎప్పుడూ విననట్టుగా వాయించమన్నాడు. 1969 అక్టోబర్‌లో ఒక్క రోజులో, దాదాపు స్టేజీ మీద వాయించినట్టే రికార్డు చేసిన ఆల్బమ్ అది. బ్లూస్, జాజ్ విని పెరిగిన నలుగురు బర్మింగ్‌హామ్ కుర్రాళ్లు ఒక గదిలో ఒకరినొకరు వింటూ వాయించిన రికార్డు. అక్కడికి మళ్లీ చేరుకోవాలన్నది రూబిన్ ఆలోచన. వినడానికి బాగుంది. ఇబ్బంది ఏమిటంటే, హెవీ మెటల్ అంటే ఏమిటో తెలియకపోవడం ఆ కుర్రాళ్ల బలం. అరవై దాటిన వయసులో, ఆ ప్రక్రియకు మూలపురుషులుగా లోకమంతా తలకెత్తుకున్నాక, తెలియనట్టు వాయించడం సాధ్యమేనా?

మొదటి పాట ‘ఎండ్ ఆఫ్ ది బిగినింగ్’ వింటే ఈ ప్రశ్న ఎంత నిజమైనదో తెలుస్తుంది. మూడు వాద్యాలూ ఒక్కసారిగా విరుచుకుపడే నెమ్మదైన రిఫ్ (పదేపదే తిరిగొచ్చే చిన్న స్వర వరుస), వెంటనే ఆగిపోవడం, వెనక నుంచి మెల్లగా వినిపించే విడి నోట్లు, వాటి మీద ఆజీ గొంతు ఒంటరిగా. 1970లో మొదటి ఆల్బమ్‌ను తెరిచిన, బ్యాండ్ పేరే పెట్టుకున్న పాట కట్టుబడి సరిగ్గా ఇదే. అందులో లాగే ఇక్కడా తర్వాత వేగం పెరిగి పాట పరుగు అందుకుంటుంది. నాలుగో పాట ‘జైట్‌గైస్ట్’లో అకూస్టిక్ గిటార్, చేత్తో వాయించే డ్రమ్ములు, అంతరిక్షంలో తేలిపోతున్న ఓడ గురించిన మాటలు ఉంటాయి. ‘పారనాయిడ్’ ఆల్బమ్‌లోని ‘ప్లానెట్ కారవాన్’ తెలిసినవాళ్లకు పోలిక వెతుక్కునే పనే లేదు. ‘లోనర్’ రిఫ్ వింటే మొదటి ఆల్బమ్‌లోని ‘ఎన్.ఐ.బి.’ గుర్తొస్తుంది. చివరి పాట ‘డియర్ ఫాదర్’ వాన, ఉరుము, గంట మోతతో ముగుస్తుంది. మొదటి ఆల్బమ్ మొదలైంది ఆ శబ్దాలతోనే.

నకలు అనే ఆరోపణకు ఆధారాలు ఇవి. కాదనడానికి వీల్లేదు, ఎందుకంటే ఈ పోలికలు యాదృచ్ఛికంగా వచ్చినవి కావు, కావాలని పెట్టినవి. ఆల్బమ్‌ను సమర్థించేవాళ్లు కూడా పోలికలు లేవని అనరు. వాళ్ల వాదన వేరు: చివరి ఆల్బమ్ అని దాదాపు తెలిసి చేసిన రికార్డు మొదటిదాన్ని గుర్తుచేసుకుంటే తప్పేముంది? వానతో మొదలైన కథను వానతో ముగించడం ఒక కళాకారుల బృందం తమ జీవితకాలపు పనికి తామే గీసుకున్న సరిహద్దు కాదా? ‘డియర్ ఫాదర్’ ముగింపు వరకు ఈ వాదన నిలుస్తుంది, బలంగానే నిలుస్తుంది. మతగురువు చేతిలో నలిగిపోయిన ఒక మనిషి గురించి బట్లర్ రాసిన పాట అది. ఆ కోపం మీద కురిసే వానకు కొత్త అర్థం ఉంది. కానీ ‘జైట్‌గైస్ట్’కు అలాంటి సమర్థన దొరకదు. పాత పాట ఒకటి ఉండి, దాని పక్కన నిలబడగల కారణం కొత్త పాటకు లేనప్పుడు వినేవాడు పాతదానికే వెళ్తాడు. ఒకే ఆల్బమ్‌లో ఒక చోట జ్ఞాపకం పనిచేసింది, ఇంకో చోట పనిచేయలేదు. అభిమానులు దీన్ని పాట పాటకూ విడదీసి మాట్లాడకుండా మొత్తంగా సమర్థించడమో కొట్టిపారేయడమో చేయడం వల్లే వాదన ఎక్కడిదక్కడే ఉండిపోయింది.

అసలు గాయం వేరే చోట ఉంది. అది డ్రమ్స్ దగ్గర.

ప్రకటన వెలువడిన మూడు నెలలకే, 2012 ఫిబ్రవరిలో, తనకు ఇచ్చిన ఒప్పందం సంతకం చేయదగ్గది కాదని, న్యాయమైనది ఇస్తే తప్ప రానని బిల్ వార్డ్ బహిరంగంగా చెప్పాడు. తర్వాత బ్యాండ్ వైపు నుంచి ఆయన శారీరక సామర్థ్యం గురించి మాటలు వచ్చాయి. 1998లో ఆయనకు గుండెపోటు వచ్చిన సంగతి అభిమానులకు తెలుసు. ఎవరి మాట ఎంతవరకు సరైందో బయటి మనుషులు తేల్చగలిగేది కాదు. ఫలితం మాత్రం అందరికీ తెలుసు: ఆల్బమ్‌లో డ్రమ్స్ వాయించింది రేజ్ అగైన్‌స్ట్ ది మెషీన్ బ్యాండ్‌కు చెందిన బ్రాడ్ విల్క్, టూర్లలో టామీ క్లుఫెటోస్. ‘13’ను ఇప్పటికీ కొనని, వినని అభిమానులు కొందరున్నారు. వాళ్లకు ఇది సంగీతం గురించిన అభిప్రాయం కాదు, న్యాయం గురించిన పట్టుదల. నలుగురూ కలిసి కట్టిన పేరు మీద ముగ్గురే సంపాదించుకోవడం తప్పని వాళ్లు నమ్ముతారు. ఆ పట్టుదలను ఛాందసం అని తీసిపారేయడం సరికాదు.

అయితే న్యాయం సంగతి పక్కన పెట్టి కేవలం సంగీతంగా చూసినా వార్డ్ లేని లోటు వినిపిస్తుంది. వార్డ్ రాక్ డ్రమ్మర్‌గా తయారైనవాడు కాదు. జీన్ క్రూపా, బడ్డీ రిచ్ లాంటి జాజ్ డ్రమ్మర్లను విని పెరిగాడు. తాళం కొట్టి మిగతావాళ్లను దాని మీద నిలబెట్టడం ఆయన పద్ధతి కాదు. గిటార్ రిఫ్ ఏం చెబుతుందో విని, దానికి బదులిస్తూ, కొన్నిసార్లు దాన్ని ఎదిరిస్తూ వాయిస్తాడు. ‘వార్ పిగ్స్’ చరణాలను జాగ్రత్తగా వింటే ఇది తేటతెల్లంగా తెలుస్తుంది. గిటార్, బేస్ రెండు దెబ్బలు వేసి ఊరుకుంటాయి. ఆ ఖాళీలో ఆజీ పాడుతుంటాడు. వెనక మిగిలేది వార్డ్ హై-హ్యాట్ (డ్రమ్స్ పక్కన ఉండే జంట తాళాలు) చప్పుడు ఒక్కటే. ఆ చప్పుడు గడియారం కొట్టినట్టు సమానంగా ఉండదు. కాస్త వెనక్కి వాలుతుంది, కాస్త ముందుకు తూగుతుంది. అంత బరువైన సంగీతం నేలకు అతుక్కుపోకుండా కదులుతూ ఉండటానికి కారణం ఆ తూగే. సబ్బాత్‌ను అనుకరించిన వందలాది బ్యాండ్లు అయోమీ రిఫ్‌ల బరువును పట్టుకున్నాయి గానీ, ఈ నడకను పట్టుకున్నవి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని.

విల్క్ మంచి డ్రమ్మర్. ఆయన పని శుభ్రంగా, నిగ్రహంగా ఉంది. వార్డ్‌ను అనుకరించే ప్రయత్నం అక్కడక్కడా కనిపిస్తుంది, కొన్నిచోట్ల బాగానే కుదిరింది కూడా. కానీ ఆయన వచ్చింది ఫంక్, హిప్-హాప్ లయల మీద కట్టిన బ్యాండ్ నుంచి. అక్కడ డ్రమ్మర్ పని గ్రూవ్‌ను, అంటే తిరిగి తిరిగి వచ్చే లయ నడకను, బిగించి పట్టుకోవడం. ‘ఏజ్ ఆఫ్ రీజన్’ లాంటి పాటలో రిఫ్ మారిన ప్రతిసారీ డ్రమ్స్ దానికి నమ్మకంగా తోడు నడుస్తాయి, ఎదురు చెప్పవు. పాట గట్టిగా నిలబడుతుంది, ఊగదు. వార్డ్ సంగతి తెలియకుండా ఈ ఆల్బమ్‌తో సబ్బాత్‌లోకి వచ్చిన శ్రోతకు ఇందులో లోపమేమీ వినిపించదు. మొదటి ఆరు ఆల్బమ్‌లు చెవిలో ఇంకిపోయినవాళ్లకు ఏదో ఒకటి లేదన్న సంగతి రెండో నిమిషానికే తెలిసిపోతుంది. ఆల్బమ్ 1970ని గుర్తుచేయకుండా ఉంటే ఈ లోటు ఇంతగా పట్టించుకునేవాళ్లు కాదు. రోనీ జేమ్స్ డియో గాయకుడిగా ఉన్న రోజుల్లో విన్నీ అప్పీస్ డ్రమ్స్ వాయించిన ఆల్బమ్‌లను వార్డ్ లేడని ఎవరూ తోసిపుచ్చలేదు, ఎందుకంటే అవి పాత బ్యాండ్‌లా వినిపించాలని ప్రయత్నించలేదు.

2025 జులై 5న బర్మింగ్‌హామ్‌లోని విల్లా పార్క్ మైదానంలో నలుగురూ మళ్లీ కలిశారు. వార్డ్ డ్రమ్స్ ముందు కూర్చున్నాడు, ఆజీ సింహాసనంలో కూర్చునే పాడాడు. పదిహేడు రోజుల తర్వాత ఆజీ కన్నుమూశాడు. ఆ రాత్రిని రెండు పక్షాలూ తమకు సాక్ష్యంగా తెచ్చుకున్నాయి. డెబ్బై ఏడేళ్ల వయసులో వాయించగలిగినవాడు అరవై నాలుగులో వాయించలేకపోయేవాడా అని ఒకరు అడుగుతారు. నాలుగు పాటల కచేరీ వేరు, ఆల్బమ్‌తో పాటు ఏళ్ల తరబడి సాగిన ప్రపంచ పర్యటన వేరు అని ఇంకొకరి జవాబు. రెండో మాటలో తర్కం ఉంది. కానీ ఆల్బమ్‌లో అయినా వాయించనిచ్చి, టూర్‌కు వేరేవాళ్లను పెట్టుకోవచ్చు కదా అన్న ఎదురు ప్రశ్నకు అది సమాధానం చెప్పదు.

ఇక శబ్దం గురించిన ఫిర్యాదు. కొత్తగా వింటున్నవాళ్లకు ఇది సాంకేతిక చాదస్తంలా అనిపించవచ్చు గానీ, ఇందులో చాలా విషయముంది. రికార్డును చివరగా తయారుచేసే మాస్టరింగ్ దశలో చిన్నగా వినిపించే భాగాల స్థాయిని పెంచి, పెద్ద శబ్దాల శిఖరాలను కత్తిరిస్తే మొత్తం పాట ఒకే ఎత్తులో గట్టిగా వినిపిస్తుంది. రేడియోలోనో కారులోనో పక్క పాటకన్నా గట్టిగా వినిపించాలన్న పోటీతో 1990ల నుంచి ఈ అలవాటు ముదిరింది. మెటల్ అభిమానులకు దీని మీద పాత కక్ష ఉంది. 2008లో రిక్ రూబినే నిర్మించిన మెటాలికా ఆల్బమ్ ‘డెత్ మాగ్నెటిక్’ ఇలాగే నలిగిపోయిందని, అవే పాటలు గిటార్ హీరో వీడియో గేమ్‌లో స్పష్టంగా, విడివిడిగా వినిపిస్తున్నాయని అభిమానులే కనిపెట్టారు. మళ్లీ మిక్స్ చేయమని వేల సంతకాలతో విన్నపం పెట్టారు. అందుకే ‘13’ సీడీలోనూ శబ్దాన్ని అదిమేశారని తెలియగానే కోపం రెట్టింపైంది. నిర్మాత అదే మనిషి, తప్పూ అదే.

సబ్బాత్ విషయంలో ఈ తప్పు మామూలు కన్నా ఎక్కువ నష్టం చేస్తుంది. ఈ బ్యాండ్ భయం పుట్టించే పద్ధతి అంతా నిశ్శబ్దానికీ హోరుకూ మధ్య ఉన్న దూరం మీద ఆధారపడింది. ‘ఎండ్ ఆఫ్ ది బిగినింగ్’లో రిఫ్ ఆగి విడి నోట్లు మొదలైనప్పుడు శబ్దం నిజంగా పడిపోవాలి. మళ్లీ రిఫ్ వచ్చినప్పుడు వినేవాడు ఉలిక్కిపడాలి. రెండింటి స్థాయీ దగ్గరదగ్గరగా ఉంటే ఉలికిపాటు ఉండదు. ‘గాడ్ ఈజ్ డెడ్?’ దాదాపు తొమ్మిది నిమిషాల పాట. మొదటి భాగమంతా గొణుగుడు లాంటి గిటార్ మీద మెల్లగా నడిచి, చివర్లో దూకుడు అందుకుంటుంది. ఆ మలుపు కోసమే కదా అంతసేపు ఆగింది! స్థాయి తేడా తగ్గితే ఆ ఎదురుచూపు సాగదీతగా మారుతుంది. ‘పాటలు చాలా పొడవు’ అన్న ఫిర్యాదులో సగం నిజానికి ఈ మాస్టరింగ్ మీద పెట్టాల్సిన ఫిర్యాదే. ఎనిమిది పాటల్లో అయిదు ఏడు నిమిషాలు దాటినవి. అయినా ఊపిరి పీల్చుకునే చోటు ఉంటే ఆ నిడివి బరువనిపించదు. ఇప్పటి స్ట్రీమింగ్ సేవలు అన్ని పాటలనూ ఒకే శబ్ద స్థాయికి తెచ్చి వినిపిస్తాయి కాబట్టి, అలా అదిమేయడం వల్ల దక్కే ఆ కాస్త లాభం కూడా పోయింది, నష్టం మాత్రం రికార్డులో మిగిలిపోయింది.

ఆజీ గొంతు మీద వాదన త్వరగానే తేలుతుంది. అరవై నాలుగేళ్ల గొంతు పాత ఎత్తులకు వెళ్లదు, వెళ్లే ప్రయత్నమూ చేయలేదు. కింది స్థాయిలోనే నిలబడి, రిఫ్‌నే నీడలా అనుసరిస్తూ పాడాడు. ఇందులో వైవిధ్యం తక్కువన్నది నిజమే. స్టూడియో మెరుగులు ఎక్కువన్న అనుమానమూ చాలామందికి ఉంది. కానీ వణికే ఆ గొంతులోని దిగులు ఈ పాటల మాటలకు సరిపోయింది. చావు, దేవుడు, పశ్చాత్తాపం గురించి ముప్ఫై ఏళ్ల గొంతుతో పాడితే ఇంత నమ్మకం కలిగేది కాదు.

అయోమీ దగ్గర మాత్రం దాదాపు అందరూ ఒక్కటవుతారు. 2012 జనవరిలో ఆయనకు లింఫోమా అనే క్యాన్సర్ ఉందని తేలింది. మిగతావాళ్లు ఆయన చికిత్సకు వీలుగా ఇంగ్లండ్ వెళ్లి, ఆయన ఇంటి స్టూడియోలో పని కొనసాగించారు. పదిహేడేళ్ల వయసులో రేకుల ఫ్యాక్టరీలో రెండు వేళ్ల కొసలు పోగొట్టుకుని, ప్లాస్టిక్ సీసా కరిగించి తొడుగులు చేసుకుని, నొప్పి తగ్గడానికి తీగలను వదులు చేసుకుంటూ ఒక కొత్త ధ్వనిని పుట్టించిన మనిషి ఆయన. కీమోథెరపీ మధ్యలో అంత గట్టి రిఫ్‌లు రాయడం అభిమానుల్లో గౌరవం పెంచింది. ఈ గౌరవమే ఆల్బమ్ మీద విమర్శను మెత్తబరిచిందన్న మాటా ఉంది. ఉండొచ్చు. కానీ ‘ఏజ్ ఆఫ్ రీజన్’ చివర వచ్చే సోలోకు ఎవరి సానుభూతీ అక్కర్లేదు.

డియో అభిమానుల నిరాశ ఇంకో రకం. వాళ్ల దృష్టిలో సబ్బాత్ అసలైన పునరాగమనం 2009లోనే జరిగిపోయింది. అయోమీ, బట్లర్, డియో, అప్పీస్ హెవెన్ అండ్ హెల్ అనే బ్యాండ్ పేరుతో ‘ది డెవిల్ యూ నో’ ఆల్బమ్ విడుదల చేశారు. అది ఎవరినీ గుర్తుచేసుకోకుండా ముందుకు నడిచిన ఆల్బమ్. 2010 మేలో డియో మరణంతో ఆ దారి మూసుకుపోయింది. ఆయన పోయిన ఏడాదిన్నరకే పాత బృందం ప్రకటన రావడం, ఆ తర్వాత బ్యాండ్ చరిత్ర అంటే ఆజీ ఉన్న కాలమే అన్నట్టు ప్రచారం నడవడం వాళ్లను బాధపెట్టింది. గాయకుడు టోనీ మార్టిన్ పాడిన 1980, 90ల సబ్బాత్ ఆల్బమ్‌లను ప్రేమించేవాళ్లకైతే ఆ ప్రచారంలో చోటే లేకపోయింది. ఈ వర్గాల మాటల్లో ‘13’ మీద కన్నా దాని చుట్టూ అల్లిన కథ మీద కోపమే ఎక్కువ. ఆ కోపం న్యాయమైనదే. ఆజీ లేని ఏళ్ల పనిని పక్కన పెట్టేసి చరిత్ర రాస్తే అది సగం చరిత్రే.

పాటల ఎంపిక కూడా తగాదాను పెంచింది. ఆ సెషన్లలో తయారైన పాటలన్నీ ఆల్బమ్‌లోకి రాలేదు. ‘మెథడెమిక్’, ‘పీస్ ఆఫ్ మైండ్’, ‘పరియా’ అదనపు పాటలున్న డీలక్స్ ఎడిషన్‌కు వెళ్లాయి. ఇంకో నాలుగు 2016లో చివరి టూర్ సమయంలో ‘ది ఎండ్’ అనే చిన్న రికార్డుగా వచ్చాయి. పక్కన పెట్టిన వాటిలో పాత పాటల నీడ తక్కువగా ఉన్నవి కొన్ని ఉన్నాయి. ‘లోనర్’, ‘జైట్‌గైస్ట్’ తీసేసి ‘మెథడెమిక్’, ‘సీజన్ ఆఫ్ ది డెడ్’ పెట్టుకుని సొంత వరుస కట్టుకుంటే నకలు అన్న మాట సగానికి సగం వీగిపోతుంది. మొదటి ఆల్బమ్‌లా వినిపించాలన్న నియమం వల్ల, దానికి దగ్గరగా ఉన్న పాటలే ముందు వరుసలోకి వచ్చినట్టు అనిపిస్తుంది.

‘13’లో తక్కువ తగాదా ఉన్న పాట ఏడోది, ‘డ్యామేజ్డ్ సోల్’. అది బ్లూస్. మెటల్ అనే పేరు పుట్టకముందు, 1968లో, ఈ నలుగురూ బ్లూస్ బృందంగానే మొదలయ్యారు. పాట నెమ్మదిగా, బరువుగా సాగుతుంది. ఆజీ నోటి ఆర్గన్ అందుకుంటాడు, అయోమీ ముందే రాసుకున్నట్టు కాకుండా అప్పటికప్పుడు తోచినట్టు వాయిస్తాడు, బట్లర్ బేస్ అతని చుట్టూ తిరుగుతుంది. బ్లూస్ నడక ఏ డ్రమ్మర్‌కైనా తెలిసిందే కాబట్టి విల్క్ కూడా ఇక్కడ ఎవరిలానో వాయించాల్సిన అవసరం లేక స్వేచ్ఛగా వదులుతాడు. మొదటి ఆల్బమ్‌లోని ఏ ఒక్క పాటకూ ఇది నకలు కాదు, అయినా ఆ ఆల్బమ్ ఆత్మకు మిగతా ఏడు పాటల కన్నా దగ్గరగా ఉంది. రూబిన్ అడిగింది ఇదే అయితే, ఆ ఎనిమిది నిమిషాల్లో బ్యాండ్ ఇచ్చింది.